మా ఇంట్లో నిలిచిపోయిన రాగి

ఇది నా కుడిచేత్తో నేనే రాస్తున్నాను. పోయిన ఏడాది ఈ రోజుల్లో నా పేరు కూడా సరిగ్గా రాయలేకపోయేదాన్ని. హాజరు పుస్తకంలో నా సంతకం చూసి మా సెక్షన్ హెడ్ "ఎవరు పెట్టిన్రమ్మా ఇది?" అని నన్నే అడిగాడు. ఇప్పుడు పర్వాలేదు. గుండీలు పెట్టుకుంటున్నాను, కూరగాయలు కోస్తున్నాను, చెల్లెతో పోట్లాడేటప్పుడు వేలు చూపిస్తే ఆ వేలు నిలకడగానే ఉంటోంది. అందుకే జరిగిందంతా ఒకసారి వరుసగా రాసుకుందామని కూర్చున్నాను. కొంత నాకోసం. కొంత, ఏ జబ్బు వచ్చినా కారణం ముందే తెలిసిపోయినట్టు మాట్లాడే మా చుట్టుపక్కల వాళ్లకోసం. అలాంటివాళ్లలో మొదటిదాన్ని నేనే.

నా పేరు సునీత. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. తయారైన మందు పొడి సరిగ్గా ఉందో లేదో పరీక్షించి చెప్పడం మా పని. మా ఇల్లు కర్దనూర్ దాటాక ఒక పల్లెలో. బాపు దేవదానం వ్యవసాయం చేస్తాడు. అమ్మ మార్తమ్మ బాపుకు సొంత మేనమామ కూతురు, అందుకే ఇప్పటికీ ఆయన్ని "బావా" అనే పిలుస్తుంది. చెల్లె కీర్తనకు పదహారేళ్లు, ఇంటర్ చదువుతోంది. మా ఇద్దరి మధ్య తమ్ముడు ప్రభు ఉండేవాడు. పదకొండేళ్ల కింద, వాడికి పదమూడేళ్లప్పుడు, కామెర్లు వచ్చి ఇరవై రోజుల్లో పోయాడు.

ఎండాకాలం

మొదట నన్ను పట్టించింది బ్యూరెట్. అది సన్నటి గాజు గొట్టం. కింద తోక దగ్గరున్న పిడిని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఒక్కో చుక్క వదలాలి, రంగు మారిన క్షణంలో ఆపాలి. ఆరేళ్లుగా కళ్లు మూసుకుని చేసిన పని. ఆ రోజు చేయి పిడి మీద ఆగలేదు. నాలుగు చుక్కలు ఎక్కువ పడ్డాయి. మళ్లీ చేశాను, మళ్లీ పడ్డాయి. ఒకే పొడికి మూడు లెక్కలు వచ్చాయి.

పక్క బల్ల మీద పనిచేసే రిజ్వానా నవ్వింది. "ఏందే సునీ, పొద్దున చాయ్ ఎక్కువైందా?"

"నీ మొహం, రాత్రి నిద్ర లేదు" అన్నాను. నిద్ర బాగానే పట్టింది. అబద్ధం చెప్పానని నాకు తెలుసు.

మా ల్యాబ్‌లో ఒక గట్టి నియమం ఉంది. లెక్క తప్పితే, మనకు తోచిన కారణం రాసి చేతులు దులుపుకోకూడదు. పరీక్ష చేసిన మనిషి, పరికరం, వాడిన ద్రావణం, చివరికి ఆ పొడి, ఒక్కొక్కటే పట్టి చూసి, ఇది కాదని తేలాకే దాన్ని పక్కనపెట్టాలి. మందు పొడి దగ్గర ఈ నియమం తప్పితే కొత్తవాళ్లను ఏడిపించేదాన్ని. నా ఒంటి దగ్గరికొచ్చేసరికి దాన్ని గాలికొదిలేశాను. కంపెనీలో పొడులు కరిగించే సాల్వెంట్ల ఆవిరి పీలుస్తున్నాం కదా, అదే అయ్యుంటుందని మొదటి రోజే తేల్చేశాను.

పటాన్‌చెరులో డాక్టర్ దగ్గర కూర్చుని నేనన్న మొదటి మాటే "గడ్డపోతారంల కంపెనీల చేస్త సార్" అని. ఇంక ఆయన వేరే ప్రశ్న వేయలేదు. మాస్క్ పెట్టుకో, పదిహేను రోజులు సెలవు పెట్టు, ఈ బలం గోళీలు వాడు అన్నాడు. రెండో డాక్టర్ దగ్గరా అదే మాటతో మొదలుపెట్టాను, అదే చీటీ తెచ్చుకున్నాను. వాళ్ల తప్పేముంది? జవాబు చేతికిచ్చి ప్రశ్న అడగమన్నాను.

వర్షాలు మొదలయ్యేసరికి మాట కూడా ముద్దగా అయింది. నోరే ఆస్తిగా బతికినదాన్ని నేను. కంపెనీ బస్సులో డ్రైవర్‌తో, క్యాంటీన్‌లో వంటాయనతో, అందరితో వాదులాట నాది. అలాంటిది "ఉప్పు" అనడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మాట్లాడటం మానేశాను. అన్నం తినేటప్పుడు పెదవి చివర నీళ్లు కారుతుంటే రిజ్వానా ఏమీ అనకుండా తన దుపట్టాతో తుడిచేది.

బాపు మాత్రం ఊరుకోలేదు. "చెప్పిన్నా లేదా? నా కొడుకును తిన్నది సాలక ఇప్పుడు బిడ్డను తింటాంది గా కంపెనీ!"

ఆయన కోపం ఈనాటిది కాదు. కంపెనీల మురుగు కలిసి మా వాగు నీళ్లు రంగు మారి, బోరు నీళ్లు వాసన కొట్టడం మొదలైన ఏళ్లలోనే ప్రభు పోయాడు. నీళ్లే చంపాయని ఊరంతా అనుకుంది. బాపు ప్రభు ఫొటో పట్టుకుని రోడ్డు మీద ధర్నాకు కూర్చున్నాడు, ఒకసారి కాదు, ఏళ్ల తరబడి. నేను కంపెనీలో చేరిన రోజు నుంచి నెలదాకా నాతో మాట్లాడలేదు.

అమ్మ పద్ధతి అమ్మది. బోరు నీళ్ల మీద అనుమానం మొదలైనప్పుడు, రాగి బిందెలో పోసి ఉంచితే నీళ్లలో విషం విరుగుతుందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ పొద్దున్నే రాగి నీళ్లు. ప్రభుకు కామెర్లొచ్చినప్పుడు రెండు గ్లాసులు ఎక్కువ తాగించింది. ఇప్పుడు నాకూ అంతే. "తాగు బిడ్డా, కంపెనీ విషమంతా దిగిపోతది" అని చెంబు నోటి దగ్గర పెట్టేది. నేనూ తాగాను, నాకు రసాయన శాస్త్రంలో డిగ్రీ ఉండి కూడా.

వానల్లో

సంగారెడ్డిలో కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లింది అద్దాల కోసం. బ్యూరెట్ మీది గీతలు కదులుతున్నాయని, తప్పు కళ్లదేమోనని నా తెలివి. బయట ప్లాస్టిక్ కుర్చీల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పక్కన కంట్లో చుక్కలు వేయించుకున్న ముసలమ్మ, కళ్లు మూసుకునే నా చేయి వణకడం ఎట్లా కనిపెట్టిందో, "చలి పెడ్తుందా బిడ్డా?" అని ఆ చేతిని తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నా నంబరు పిలిచేదాకా వదల్లేదు. ఆమె ముఖం నేను సరిగ్గా చూడలేదు, పేరూ అడగలేదు.

డాక్టర్ అరవై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. యంత్రం ముందు గడ్డం పెట్టించి నా కంట్లోకి చూశాడు. లైటు ఆర్పాడు. మళ్లీ వెలిగించి ఇంకో కంట్లో చూశాడు. మళ్లీ మొదటి కంట్లోకి వచ్చాడు. నేను "గడ్డపోతారంల..." అని నా పాట మొదలుపెట్టబోతే చేయెత్తి ఆపాడు.

"అది తర్వాత చెప్పమ్మా. మీ ఇంట్ల ఎవరన్నా చిన్న వయసుల కామెర్లతోని పోయిన్రా?"

"తమ్ముడు" అనే మాట నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో! ఆయన తొందరపెట్టలేదు. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు వలయం ఉందని, అది రాగి అని, ఇది కళ్ల జబ్బు కాదని, లివర్ డాక్టర్‌ను చూడాలని చెప్పాడు. తర్వాత తానే హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బయట జనం గొణుగుతున్నారు, తలుపు కొడుతున్నారు. ఆయన మర్నాటికి నాకు సమయం ఖాయం చేసేదాకా ఫోన్ దించలేదు. ముగ్గురు డాక్టర్లలో నేనెక్కడ పనిచేస్తానో వినకుండా నన్ను చూసింది ఆయనొక్కడే. దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. వణికే దండం.

హైదరాబాద్ డాక్టరమ్మ మొత్తం విప్పి చెప్పింది. ఆ జబ్బుకు ఎవరో దొర పేరుంది. నాకు నోరు తిరగదు, రాగి జబ్బు అనే అంటాను. అందరి తిండిలోనూ కాస్త రాగి ఉంటుంది. ఒంటికి కొంచెం కావాలి కూడా. మిగిలినదాన్ని కాలేయంలో ఒక ప్రోటీన్ పిత్తంలోకి తోసేస్తుంది. నాలో ఆ ప్రోటీన్ పనిచేయదు. రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కళ్లలో పేరుకుంది. ప్రభుకు మాత్రం అది కాలేయం దాటకముందే ప్రాణం తీసింది.

అమ్మ వెంటనే అడిగింది. "అయితే నేను బిందె నీళ్లు తాగిచ్చి సంపుకున్ననా అమ్మా?"

"బిందె తెచ్చిన జబ్బు కాదమ్మా ఇది. పుట్టుకతో వచ్చింది. ఇకమీదట మాత్రం వాడొద్దు" అందామె. అమ్మ తల ఊపింది. ఇంటికొచ్చాక బిందెను తీసుకెళ్లి బయట అరుగు మీద పెట్టి చీకటిపడేదాకా దాని పక్కనే కూర్చుంది. లోపలికి రమ్మని పిలవడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు.

మందు మొదలైంది. మొదటి రెండు నెలలు జబ్బు తగ్గకపోగా పెరిగింది. అలా కావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, అయినా భయంతో చచ్చాను. చెంచా పట్టలేకపోయాను. కీర్తన కాలేజీకి పోయేముందు నాకు అన్నం కలిపి తినిపించేది. తినిపిస్తూ ఊరుకుంటుందా? "నోరు తెరు, బస్సు వస్తాంది. ఇన్నేండ్లు నన్ను తిట్టిన నోరేనా ఇది?" అని వెక్కిరించేది. నవ్వొచ్చి పొలమారేది.

దానికి కూడా పరీక్షలు చేశారు. కళ్లు బాగున్నాయి. రక్తం మాత్రం అటూ ఇటూ కాకుండా వచ్చింది. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. ఆ ప్రోటీన్ ఎట్లా తయారు కావాలో చెప్పే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి బాగుంటే చాలు, జీవితాంతం ఏమీ కాదు. రెండూ చెడితే రాగి జబ్బు. కీర్తన రక్తం ఒకటి చెడినవాళ్లకూ అలాగే ఉండొచ్చు, రెండూ చెడినవాళ్లకూ అలాగే ఉండొచ్చు. మొదటిదైతే మందు అక్కర్లేదు. రెండోదైతే ఇప్పుడే మొదలుపెట్టాలి, లేకపోతే ప్రభుకు అయినట్టే కావచ్చు.

ఆ రాత్రి నుంచి నా జబ్బు నాకు చిన్నదైపోయింది.

దసరా తర్వాత

నా జన్యువు రిపోర్టు వచ్చింది. అమ్మ ఇచ్చింది, బాపు ఇచ్చింది, రెండు ప్రతుల్లోనూ జన్యువు అక్షరాల వరుసలో ఒకేచోట ఒకే అక్షరం మారింది. హమ్మయ్య, దొరికింది అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదు. ఈ మార్పు ఇంతకుముందు ఎవరిలోనూ రాసిపెట్టి లేదట. అది నిజంగా ప్రోటీన్‌ను పాడుచేస్తుందా, ఊరికే ఉన్న తేడానా అని చెప్పలేమంది. అది తేలితేనే కీర్తన రిపోర్టుకు అర్థం ఉంటుంది. నగరంలో ఒక పరిశోధన సంస్థలో వసుధ అనే ఆమె సరిగ్గా ఈ ప్రోటీన్ మీదే పనిచేస్తోందని, ఆమెకు రాస్తానంది. మా నలుగురి రక్తం కావాలి, కీర్తన చిన్నపిల్ల కాబట్టి అమ్మా బాపు ఇద్దరి సంతకాలూ కావాలి.

బాపు కాగితం ముట్టుకోలేదు. "కంపెనీని బచాయించనీకి ఇదొక కొత్త నాటకం. నీళ్లల్ల విషం లేదట, మా రక్తంలనే ఉన్నదట! నేను పెట్ట."

అరిచాను. ముద్ద మాటల్తో అరిస్తే సగం అర్థం కాదు, అది ఇంకా కోపం. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పోయాడు. దీపావళి పోయింది, చలి వచ్చింది, ఆయన మాత్రం మారలేదు. ఒకరోజు కీర్తన నా జడ వేస్తూ వెనకనుంచి అడిగింది. "అక్కా, ప్రభు అన్నకు బాగ నొప్పైందా?"

"లేదే" అన్నాను. బాగా అయింది. నాకు గుర్తుంది.

చలికాలం

వసుధ గారు బాపు కోసం ఆగలేదు. నా రక్తంతోనే పని మొదలుపెట్టింది. మందు పనిచేసి చేయి కాస్త కుదురుకున్నాక నన్ను ల్యాబ్ చూడటానికి రమ్మంది. నాకంటే రెండుమూడేళ్లు పెద్దదేమో. ఆమె బల్ల చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి సీసా మీద పేరు, ప్రతి పనికీ పక్కన పోల్చుకోవడానికి ఇంకొకటి. మా ల్యాబ్‌లో నేను కొత్తవాళ్లకు నేర్పాలని తంటాలు పడే శుభ్రత అంతా అక్కడ మామూలు సంగతిలా ఉంది.

ఆ ప్రోటీన్ గురించి ఆమె చెబుతుంటే నోరెళ్లబెట్టి విన్నాను. పద్నాలుగు వందలకు పైగా పూసల్లాంటివి వరుసగా గుచ్చితే తయారయ్యే పొడుగాటి అణువు అది. కణంలో ఒక పొరను ఎనిమిదిసార్లు అటూ ఇటూ దాటి కూర్చుంటుంది. మామూలప్పుడు లోపలే ఉండి రాగి అవసరమైన చోటికి రాగిని అందిస్తుంది. రాగి ఎక్కువైందా, అక్కడి నుంచి లేచి కణం అంచువైపు బయలుదేరుతుంది, మిగులును బయటికి తోసి, తగ్గాక మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. అబ్బ! ఎవరి ఆజ్ఞా లేకుండా, ఎవరి మెప్పూ కోరకుండా, ఈ వాక్యం చదువుతున్న మీ అందరిలో ఇప్పుడు ఆ పని జరుగుతోంది. నన్ను ముంచిన ప్రోటీన్ మీద నాకంత ప్రేమ పుట్టడం విచిత్రమే.

సంక్రాంతి సెలవుల తర్వాత ఫలితం చూపిస్తానని ఇంటందరినీ పిలిచింది. నేనొక్కదాన్నే బస్సులు మారలేనని బాపును బతిమాలితే, నన్ను దింపడానికని వచ్చాడు. గది బయటే నిలబడతానన్నాడు. వసుధ గారే వెళ్లి "లోపలికి రండి, మీకే చూపించాలి" అని తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

తెర మీద రెండు బొమ్మలు. ఎడమవైపు బాగున్న ప్రోటీన్, కుడివైపు మాది, రెండూ పచ్చగా మెరిసేలా చేసి కణాల్లో పెట్టారు. రాగి కలిపాక ఎడమదానిలో పచ్చదనం కణాల అంచులకు చేరింది. మాదానిలో పుట్టినచోటే ముద్దగా ఉండిపోయింది.

బాపు చాలాసేపు చూశాడు. "ఇది కంపెనీవోళ్లు చేయించిన్రా అమ్మా?"

"లేదండీ. ఏ కంపెనీకీ సంబంధం లేదు."

"మల్ల గిది తప్పైతే?"

"నాకూ అదే భయం. అందుకే మూడుసార్లు చేశాను. ఏ గిన్నెలో ఏది ఉందో నాకు తెలియకుండా నా స్నేహితురాలు గుర్తులు మార్చి పెట్టింది. లెక్కపెట్టేటప్పుడు నాకూ తెలియదు, అన్నీ అయ్యాకే చూశాం. మీ ఇంటి మార్పున్న ప్రోటీన్ మూడుసార్లూ అక్కడే ఆగింది." ఒక్క క్షణం ఆగి మళ్లీ అంది. "మీ వాగు పాడైన మాట అబద్ధమని నేననడం లేదు. అది వేరు, ఇది వేరు."

కంపెనీ ల్యాబుల కాగితాలు ఎన్నో చించి పారేసిన మనిషి మా బాపు. తన పని తానే అనుమానించుకున్న మనిషిని మొదటిసారి చూశాడనుకుంటాను. లేచి బయటికొచ్చాడు. వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు.

"నీళ్లు కాదంటే మల్ల నేనేనా? నేనే నా కొడుకును..." తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

ఇన్ని నెలలూ బాపు కోపాన్ని నేను మొండితనం అనుకున్నాను. అది భయమని నాకప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. అందరూ చూస్తుండగానే ఆయన మోకాలి మీద చేయి వేసింది. "సగం నాది బావా. నువ్వొక్కనివే ఎందుకు మోస్తవ్? ఇద్దరం ఇచ్చినం, ఇద్దరికి తెల్వలే. ఇప్పుడు తెలిసింది. పిల్లను చూపిద్దాం పా."

బాపు కళ్లు తుడుచుకుని పెన్ను అడిగాడు. బ్యాగంతా బెంచీ మీద గుమ్మరించి పెన్ను తీసిచ్చాను.

మళ్లీ ఎండలు

కీర్తన రిపోర్టు వచ్చేదాకా మూడు వారాలు. పిల్ల మాత్రం తన పద్ధతిలోనే ఉంది. "నాకూ రెండుంటే నా నోరు గూడ ముద్దగైతది గదా, ఇంట్ల శాంతి ఉంటది" అంది. ఎవరూ నవ్వకపోతే తనే నవ్వి, బాత్రూంలోకి పోయి నీళ్లు వదిలి ఏడ్చింది. తలుపవతల నిలబడి విన్నాను.

డాక్టరమ్మ గదిలో నలుగురం కూర్చున్నాం. రెండు ప్రతులూ చెడ్డవే. అమ్మ కీర్తన చేయి పట్టేసుకుంది. డాక్టరమ్మ వెంటనే అంది. "వినండి. కాలేయం బాగుంది. ఈ రోజే మందు మొదలుపెడదాం. రోజూ తప్పకుండా వేసుకుంటే ఈ అమ్మాయి అందరిలాగే ఉంటుంది. చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, ముసలిదవుతుంది."

"ముసల్దాన్ని గూడ చేస్తరా?" అంది కీర్తన, ఏడుస్తూనే.

బాపు నెమ్మదిగా అడిగాడు. "మేడం, అప్పుడు మా పిల్లగానికి గీ పరీక్ష చేసుంటే బతుకుతుండెనా?"

ఆమె తప్పించుకోలేదు. అందుకు ఆమెనెప్పుడూ గౌరవిస్తాను. "ముందే తెలిసుంటే బతికేవాడేమో. కానీ మీకు అప్పుడు తెలిసే దారి లేదు. ఇప్పుడుంది. మీది మేనరికాల కుటుంబం కదా, మిగతా ఇళ్లల్లో కూడా పిల్లలుంటారు."

బస్సులో బాపు మా చుట్టాల ఇళ్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆ ఆదివారం చర్చిలో, పాటలయ్యాక, దేవుడు చేసిన మేలును నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, బాపు లేచి నిలబడ్డాడు. ఊళ్లో సగం మంది మాకు చుట్టాలే, అందరూ కంపెనీ గురించే మాట్లాడతాడనుకున్నారు.

"నా కొడుకు నీళ్లతోని పోయిండని పదకొండేండ్లు మీకు చెప్పిన. నీళ్లు ఖరాబైంది నిజం. దానికి రేపు గూడ రోడ్డు మీద కూసుంట. గని ప్రభు దాంతోని పోలే. నాతోని ఒకటి, మార్తతోని ఒకటి వచ్చింది వానికి. మీరంత నాకు అక్కలు, బావలు, మేనమామలు. మనం మనల్లనే ఇచ్చుకున్నం, చేసుకున్నం. మీ పిల్లల రక్తం చూపియ్యున్రి. నేను సిగ్గుపడి ఇన్ని నెల్లు ఆపిన. నా చిన్నబిడ్డకు అప్పటిదాక ఏం కాలే, అది దేవుని దయ. అందరికి అంత టైం దొరకకపోవచ్చు."

కూర్చున్నాడు. మా పెద్దత్త సుగుణమ్మ, బాపు సొంత అక్క, ముందు వరసలోంచి వెనక్కి తిరిగి అంది. "తమ్మీ, ఎన్నింటికి పోవాలె చెప్పు. మేమూ వస్తం."

ఆ వారం హైదరాబాద్ బస్సు ఎక్కినప్పుడు మేం పద్నాలుగు మందిమి. వసుధ గారి పని వల్ల ఇప్పుడు ఆ అక్షరానికి అర్థం ఉంది కాబట్టి, ఎవరికీ నెలల తరబడి ఎదురుచూపు లేకుండా రిపోర్టులు వచ్చాయి. ఎక్కువమందిలో ఒక్క ప్రతే చెడింది, వాళ్లకేమీ కాదు. ఒక్కరికి మాత్రం రెండూ చెడ్డవి, సుగుణత్త మనవరాలికి. ఆరేళ్లది, పేరు జాయ్. ఒంట్లో ఏ బాధా లేదు, వీధంతా పరుగులు పెడుతుంది.

దాని మాత్ర పరగడుపున వేయాలి, చేదుగా ఉందని ఉమ్మేస్తుంది. బాపు రోజూ తెల్లారగానే పొలానికి పోయే దారి మార్చుకుని వాళ్లింటికి వెళ్తాడు. అది మింగి, నోరు తెరిచి చూపించేదాకా అక్కడే గుమ్మం మీద కూర్చుంటాడు.